యాసతో సహా నా గొంతు

ఆషాఢ శుద్ధ తదియ

జరిగింది జరిగినట్టు ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోమని వినియోగదారుల సహాయ కేంద్రంలో అమ్మాయి చెప్పింది. రేపు ఫిర్యాదు దాకా వెళితే పనికొస్తుందట. అందుకని మొదలుపెడుతున్నాను. రాసేటప్పుడు నాకు బళ్లో నేర్చుకున్న తెలుగే వస్తుంది. మాట్లాడేటప్పుడు వచ్చేది వేరు. ఆ వేరు పోయిందనే నా గొడవంతా.

నా పేరు సూరాడ అసిరితల్లి. మాది కొత్తరేవు. పాత రేవును సముద్రం మింగేశాక పీపాల మీద పలకలు పరిచి కట్టుకున్న తేలుడు ఊరు ఇది. తెల్లారేసరికి మనుషులు లేని పడవలు వలలు లాక్కుని వాటంతటవే వచ్చి జెట్టీకి ఆనుకుంటాయి. ఆ చేపలకు వేలం పాడడం నా పని. మిగతా పనులన్నీ యంత్రాలకు అప్పజెప్పిన మా వాళ్లు వేలం మాత్రం మనిషే పాడాలని పట్టుబట్టారు. ధర దగ్గర యంత్రాన్ని నమ్మరు.

గొంతులో పుండు లేచి, అది మంచిది కాదని తేలాక డాక్టర్లు నా స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు నేను ఊపిరి తీసుకునేది మెడ మీది రంధ్రంలోంచే. ఆపరేషనుకు ముందే స్వరధార కంపెనీ వాళ్లు వచ్చి నా మాటలు రికార్డు చేసుకున్నారు. తర్వాత గొంతుపట్టీ ఇచ్చారు. మెడకు కట్టుకుని పెదాలు, నాలుక ఆడిస్తే చాలు, కండరాల కదలికను పట్టుకుని నా మాట నా గొంతుతోనే పలుకుతుంది. డబ్బా మీద 'మీ గొంతు మీకే' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నిజంగానే అలాగే ఉండేది. వేలంలో గద్దించినా, ఇంట్లో గొణిగినా నేనే.

నిన్న పొద్దున పట్టీ ఛార్జింగు నుంచి తీసి కట్టుకున్నాను. సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగి, రాత్రి మంచును పట్టే తొట్టిలో దిగిన నీళ్లు పట్టి, అమ్మకు చోడి అంబలి కలిపి లేపాను.

"అమ్మా లెగు, అంబలి తాగుదువు గాని" అన్నాను.

నాకు వినబడింది ఇది: "అమ్మగారూ, దయచేసి లేవండి. అంబలి స్వీకరించండి."

నా గొంతే, కానీ సబ్బు పెట్టి తోమినట్టు గరుకంతా పోయింది. ఎవరో వార్తలు చదివే ఆవిడ నా మెడలో కూర్చుని మాట్లాడినట్టుంది. మా అమ్మ ఎర్రమ్మకు మతి సరిగా ఉండదు. నా మొహం గుర్తుపట్టడం మానేసి చాలా కాలమైంది. గొంతు విని పోల్చుకునేది. ఆవిడ లేచి కూర్చుని, పైట సర్దుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవులమ్మా మీరు? మా అసిరి ఏదీ?"

ఎన్నిసార్లు చెప్పినా పట్టీ ఆ వార్తలావిడ గొంతుతోనే చెప్పింది. అమ్మ అంబలి ముట్టలేదు. చివరికి పక్కింటి దానయ్యను పిలిచి తాగించాను.


ఆషాఢ శుద్ధ సప్తమి

కంపెనీకి ఫోన్ చేశాను. కొత్త అప్‌డేట్ వచ్చిందనీ, దాని పేరు శుద్ధవాణి అనీ, ఉచితమనీ చెప్పారు. ఉచ్చారణ దోషాలు, గ్రామ్య పదాలు తీసేసి అందరికీ అర్థమయ్యే మంచి తెలుగు పలికిస్తుందట.

"నాకు వొద్దు, పాతదే ఇచ్చీండి" అన్నాను. నా పట్టీ "నాకు అవసరం లేదు, దయచేసి పూర్వపు స్వరాన్ని పునరుద్ధరించండి" అంది.

"చూశారా మేడమ్, ఎంత చక్కగా మాట్లాడుతున్నారో" అంది అవతలి అమ్మాయి.

పాత గొంతు ఇప్పుడు తమ దగ్గర లేదని, తీసేశామని కూడా చెప్పింది. నేను రెండోసారి అడిగాను. అదే జవాబు.

వేలంలో కొనేవాళ్లు నవ్వుతున్నారు. "వార్తలు సదువుతన్నావేటి అప్పా?" అని అడుగుతున్నారు. మా వైపు అక్కను అప్ప అంటారు. వాళ్లు నవ్వితే నాకేం బాధ లేదు. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మం వైపు చూస్తూ "మా అసిరి ఇంకా రానేదు" అంటుంటే మాత్రం ఆవిడ ఎదురుగా నిలబడలేకపోతున్నాను.


శ్రావణ బహుళ విదియ

ఈ రోజు జరిగింది తలుచుకోవాలంటేనే భయంగా ఉంది. అయినా రాస్తాను.

పొద్దున్న వేలం దిమ్మ మీద ఉన్నాను. కింద జెట్టీ అంతా చేపల పెట్టెలు. తూకం దగ్గర అందరూ మూగి ఉన్నారు. దానయ్య కొడుకు, మూడేళ్లవాడు, పడవల వైపు అంచుకు పాకడం నేను పైనుంచి చూశాను.

"ఒరే దానయ్యా, గుంటడు! గుంటడు నీల్లల్లో పడిపోతన్నాడు!" అని ప్రాణం పెట్టి అరిచాను.

మా వైపు గుంటడు అంటే పిల్లవాడు, గుంట అంటే ఆడపిల్ల. శుద్ధవాణికి గుంట అంటే గొయ్యి అనే తెలుసు. పైగా అరుపును కూడా అది మర్యాదగా తగ్గిస్తుంది. నా మెడలోంచి మెల్లగా, తీరుబాటుగా వచ్చిన మాట ఇది: "దానయ్య గారూ, గొయ్యి. గొయ్యి నీళ్లలో పడిపోతోంది."

దానయ్య కాళ్ల కింది పలకల వైపు చూశాడు. పక్కన ఉన్నవాళ్లు కూడా ఎక్కడ పలక విరిగిందా అని కిందికి చూశారు. పిల్లవాడు చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయాడు.

మెడలో రంధ్రం ఉన్నదాన్ని, నేను దూకితే నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దిమ్మ దిగి, పెట్టెలు తన్నుకుంటూ పరిగెత్తి, దానయ్య చొక్కా పట్టి లాగి నీళ్లకేసి చూపించాను. అతను దూకాడు. పైకి తెచ్చేసరికి పిల్లవాడి పెదాలు నల్లబడ్డాయి. బోర్లా వేసి వీపు మీద తడితే నీళ్లు కక్కి ఏడిచాడు. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం దానయ్య మా ఇంటికి వచ్చి గడపలో కూలబడ్డాడు.

"గొయ్యి అన్నావని కింద సూసినాను అప్పా. ఆడు నా పక్కనే ములిగిపోతన్నాడు. నానెక్కడో సూస్తన్నాను."

నేను పట్టీ విప్పి పక్కన పెట్టి, పలక మీద రాసి చూపించాను: 'కేసు వేస్తాను. నువ్వు వచ్చి ఇదే మాట చెప్తావా?'

"ఎక్కడికన్నా వొస్తాను" అన్నాడు.


శ్రావణ బహుళ అష్టమి

సహాయ కేంద్రం అమ్మాయి ఓపికగా అన్నీ చెప్పింది. ముందు కంపెనీకి నోటీసు పంపాలి. జవాబు రాకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. వకీలు లేకపోయినా ఫరవాలేదు, నా కేసు నేనే చెప్పుకోవచ్చు.

"వేలం పాటకు వాడుతున్నారు కాబట్టి మీరు వ్యాపారం కోసం కొన్నారని, మీరు వినియోగదారే కారని వాదిస్తారు. భయపడకండి. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పనికి కొన్నా చట్టం దృష్టిలో వినియోగదారే" అంది.

ఆ ముక్క గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నాను. అమ్మ దాన్ని చూసి ముగ్గు అనుకుంది.

నోటీసు పంపాను.


భాద్రపద శుద్ధ పంచమి

కంపెనీ జవాబు వచ్చింది. మెరుగైన సేవను లోపం అనడం విడ్డూరంగా ఉందట. కొన్నప్పుడు నేను ఒప్పుకున్న షరతుల్లో 'ఎప్పటికప్పుడు మెరుగులు దిద్దుతాం' అన్న వాక్యం ఉందట.

ఫిర్యాదు వేశాను. నెంబరు వచ్చింది. ఏం కోరుతున్నారు అన్న చోట, నా పాత గొంతు, యాసతో సహా, అని రాశాను.


భాద్రపద బహుళ చవితి

గొంతు పరీక్షకు శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ వరండాలో బెండి సింహాద్రి కనిపించాడు. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తాడు. ఆపరేషన్ నాటి నుంచి తెలుసు. నాలాగే పట్టీ కొన్నాడు. ఈసారి అతని మెడలో పట్టీ లేదు, రంధ్రం మీద గుడ్డ మాత్రం ఉంది.

ఏమైందని సైగ చేశాను. ఫోన్‌లో రాసి చూపించాడు. పెళ్లాన్ని 'ఏటే' అని పిలిస్తే పట్టీ 'శ్రీమతి గారూ' అంటోందట. మొదట్లో ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారట. తర్వాత ఆమె ఒక రోజు, ఇంట్లో ఎవరో చుట్టం తిష్ఠ వేసినట్టుంది, నా మొగుడు ఏడని అడిగిందట. అప్పటి నుంచి పట్టీ కట్టుకోవడం మానేశాడు. మాట్లాడడమే మానేశాడు.

అతను ఎలాంటి మాటకారో నాకు తెలుసు. ఆసుపత్రి వార్డంతా నవ్వించేవాడు. ఇప్పుడు బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.


ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

కంపెనీ వకీలు శశిధర్ పడవ వేసుకుని మా ఇంటికే వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చున్నాడు.

"కూకో బావూ. టీ తాగుతావేటి?" అని అమ్మ అతన్ని అడిగింది. నా వైపు తిరిగి "అమ్మా, మీరు కొంచెం టీ పెడతారేటి?" అంది. నా ఇంట్లో నన్ను అమ్మా, మీరు అంటోంది.

శశిధర్ కాగితాలు తీశాడు. "రేపే ఇంజినీరును పంపిస్తాం. మీ పాత గొంతు యథాతథంగా పెట్టిస్తాం. మీరు కేసు వెనక్కి తీసుకోవాలి. ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకూడదు. అంతే."

"పాత గొంతు నేదన్నారు కదా?" అని అడిగాను. పట్టీ దాన్ని ఎంత సాగదీసి అన్నా అర్థం మాత్రం అతనికి అందింది.

"ఏర్పాటు చేస్తాం లెండి."

"పలాసలో సింహాద్రికి?"

"అది వేరే విషయం అండీ. మీ సంగతి చూసుకోండి ముందు."

అమ్మ గుమ్మంలో కూర్చుని నీళ్లకేసి చూస్తోంది. సంతకం పెడితే రేపు ఈ పాటికి ఆవిడ నన్ను ఒసే అని పిలుస్తుంది. కలం చేతిలోకి తీసుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు, పెట్టేద్దామనే అనిపించింది. అప్పుడు బెంచీ మీద సింహాద్రి గుర్తొచ్చాడు. దానయ్య కొడుకు నల్లబడ్డ పెదాలు గుర్తొచ్చాయి. రేపు ఇంకో రేవులో ఇంకొకరు అరిస్తే మళ్లీ గొయ్యి అనే వినబడుతుంది. అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాలి, నా గొంతు నాకు వచ్చి కూడా.

కలం తిరిగి ఇచ్చేశాను.

"బాగా ఆలోచించుకున్నారా?" అన్నాడు.

తలూపాను. టీ తాగి వెళ్లాడు. అతను వెళ్లాక అమ్మ పక్కన చాలాసేపు కూర్చున్నాను. పట్టీ విప్పేసి, ఊరికే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఈ మధ్య నా చేత్తో పెడితే తింటోంది. ఎవరో మంచావిడ అనుకుంటోంది. తినడమైతే తింటోంది.


కార్తీక శుద్ధ ఏకాదశి

ఈ రోజు వాదన జరిగింది. నేనూ దానయ్యా మొదటి పడవలో బయల్దేరాం. పలాస నుంచి సింహాద్రి, అతని భార్య వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. రమ్మని నేను అడగలేదు.

కమిషన్ అధ్యక్షురాలు సుగుణమణి గారిది కృష్ణా జిల్లా, మా యాస ఆవిడకు కొత్త. శశిధర్ ముందు లేచాడు. సహాయ కేంద్రం అమ్మాయి చెప్పినట్టే, ఈవిడ వేలం వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారు కారన్నాడు. బతుకుతెరువు సంగతి నేను చెప్పాను. ఆవిడ తలూపి రాసుకున్నారు.

"సరే, లోపం ఏమిటమ్మా? మీ మాట నాకు స్పష్టంగానే అర్థమవుతోంది కదా" అని అడిగారు.

దీనికి సిద్ధపడే వచ్చాను. పలక తీసి ముందు రాశాను, ఆవిడకు చూపించాను: 'గుంటడు నీటిలో పడిపోనాడు, బేగి రండి.' తర్వాత అదే మాట పలికాను.

"గొయ్యి నీటిలో పడిపోయింది, దయచేసి త్వరగా రండి" అంది పట్టీ.

హాల్లో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. దానయ్య లేచి శ్రావణంలో జరిగింది చెప్పాడు. "నా కొడుకు నీల్లు తాగీసినాడు తల్లీ. ఈ అప్ప సెప్పింది సెప్పినట్టు ఇనపడుంటే నాను అప్పుడే దూకుదును" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు.

శశిధర్ తడబడలేదు. "ఆ ఒక్క పదం దిద్దుతామండీ. కానీ మేం అమ్మింది గొంతు. యాస, పలుకుబడి వేరు. గొంతు అంటే నాదం. అది ఆమెదే."

అధ్యక్షురాలు నా వైపు చూశారు. నేను రాసుకొచ్చిన మాట చదివాను, పట్టీ ఎలా పలికినా సరే అని. వాళ్లు ఫోన్‌లో పాత గొంతు లేదన్నారు. ఇంటికి వచ్చి, సంతకం పెడితే రేపే ఇస్తామన్నారు. లేనిదాన్ని ఎలా ఇస్తారు?

"పాత గొంతు ఉందా, లేదా?" అని ఆవిడ శశిధర్‌ను అడిగారు.

అతను కాగితాలు తిరగేశాడు. "అంటే, బ్యాకప్‌లో..."

"ఉందా, లేదా?"

"ఉందండీ."

"వినిపించండి."

తెప్పించడానికి భోజనాల వేళ దాటింది. ఆపరేషనుకు ముందు రికార్డు చేసేటప్పుడు ఏదైనా మాట్లాడమంటే, నేను ఇంట్లో అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడాను. అది హాల్లో మోగింది.

"అమ్మా, కూడు తిన్నావేటి? తినీసి తొంగో. నాను బేగొచ్చెస్తాను."

నా సొంత గొంతు నాకే ఎదురుగా వచ్చి నిలబడింది. కాస్త బొంగురు, కాస్త విసుగు, చివర్లో లాలన.

"ఇప్పుడు అదే మాట మీరు అనండమ్మా" అన్నారు ఆవిడ.

అన్నాను. "అమ్మగారూ, భోజనం చేశారా? భోజనం చేసి విశ్రమించండి. నేను త్వరగా వస్తాను" అంది పట్టీ.

ఎవరూ నవ్వలేదు.

"శశిధర్ గారూ, డబ్బా మీద 'మీ గొంతు మీకే' అని వేశారు. ఈ రెండింటిలో ఆవిడది ఏదంటారు?"

శశిధర్ నిజాయితీగానే కాసేపు ఆలోచించాడు. "మొదటిదేనండీ" అన్నాడు.


మార్గశిర శుద్ధ తదియ

తీర్పు వచ్చింది. అడగకుండా మాట మార్చడం సేవా లోపమే. 'మీ గొంతు మీకే' అని చెప్పి అలా చేయడం తప్పుదోవ పట్టించడమే. నా గొంతు నాకు తిరిగి పెట్టాలి. పట్టీ వాడేవాళ్లందరికీ శుద్ధవాణి ఆపేసి, కావాలన్నవాళ్లకే ఇవ్వాలి. ఎవరి గొంతు రికార్డు వాళ్ల చేతికి ఒక ప్రతి ఇచ్చి తీరాలి. నష్టపరిహారం, ఖర్చులు కూడా రాశారు.

దానయ్య జెట్టీ మీద తీర్పు గట్టిగా చదివి వినిపించాడు. సగం మాటలు నోరు తిరగక ఆగిపోతుంటే జనం ఈలలు వేశారు.


మార్గశిర బహుళ సప్తమి

కంపెనీ పై కమిషన్‌కు అప్పీలుకు వెళ్లింది. తీర్పును ఆపమని అడిగింది. అక్కడ ఆపలేదు. అప్పీలు నడుస్తుంది, తీర్పు అమలు కావలసిందే అన్నారు. ఎన్నిసార్లు పిలిచినా వెళతాను. పలక ఉంది, దానయ్య ఉన్నాడు.

ఇంజినీరు మా రేవుకు ఇంకా రాలేదు గానీ పలాసలో పని ముగించి వెళ్లాడట, సింహాద్రి భార్య ఫోన్ చేసింది. ఒక్క మాట కూడా చెప్పకుండా ఫోన్ అతని నోటి దగ్గర పెట్టింది. "ఒలే అసిరప్పా! బతికీసినామే!" అని కేక. తర్వాత ఆగకుండా వాగుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క కూడా అడ్డం వేయకుండా విన్నాను.


పుష్య శుద్ధ పాడ్యమి

ఇంజినీరు పొద్దున్నే వచ్చి పని ముగించాడు. నా గొంతు రికార్డు ప్రతి నా చేతిలో పెట్టి, పరీక్షకు ఏదైనా మాట్లాడమన్నాడు. తల అడ్డంగా ఊపి పంపించేశాను. మొదటి మాట అతనితో అనడం నాకు ఇష్టం లేకపోయింది.

అమ్మ ఎండలో కూర్చుని ఉంది. అంబలి గిన్నె పట్టుకుని వెనక నిలబడ్డాను.

"అమ్మా" అన్నాను. బొంగురుగా వచ్చింది.

ఆవిడ తల తిప్పకుండానే తిట్టింది. "ఎక్కడ సచ్చినావే ఇన్నాల్లూ? ముసల్దాన్ని ఒగ్గీసి ఊళ్లు తిరుగుతన్నావేటి?"

"వచ్చీసినాను కదా. ఇదిగో, అంబలి."

పక్కన కూర్చున్నాను. అమ్మ నా మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. తర్వాత ఇంట్లోకి తొంగి చూసి గొంతు తగ్గించింది.

"ఒకాయమ్మ ఉండీది ఇక్కడ. మెత్తగా మాటాడీది. నన్ను అండీ అండీ అనీది. రోజూ కూడెట్టీది పాపం, సెయ్యి పట్టుకుని కూకునీది. ఏదీ ఆయమ్మ?"

నాకు వెంటనే మాట రాలేదు. పట్టీ బాగానే ఉంది.

"ఎల్లిపోనాదమ్మా."

"అయ్యో. కూడు తిని ఎల్లిందేటి?"

"తిన్నాదమ్మా" అన్నాను.